మూత లోపలి గుర్తు

వాచీల వ్యాపారంలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. చిన్న మేస్త్రి అంటే చాలు, అందరికీ తెలుసు. ఏభై నాలుగేళ్ళొచ్చి, జుట్టు సగం రాలిపోయి, బల్ల మీదికి వంగీ వంగీ మెడ కూడా ముందుకు వాలిపోయింది. అయినా అతను చిన్న మేస్త్రే. పెద్ద మేస్త్రి ఇంకా బతికే ఉన్నాడు మరి. ఆ పెద్ద మేస్త్రి దగ్గరే ఇరవయ్యో ఏట పనిలో చేరాడు, ఆయన కూతుర్నే చేసుకున్నాడు. అంటే గురువూ ఆయనే, మామగారూ ఆయనే.

పెద్ద మేస్త్రి అంటే మామూలు మనిషి కాదు. కంపెనీలవాళ్ళు చేతులెత్తేసిన ఖరీదైన వాచీలు ఆయన బల్ల మీద మళ్ళీ నడిచేవి. "ఆయన చేతిలో పడితే చాలు" అనేవాళ్ళు. ఇప్పుడా చేతులు టీ గ్లాసు కూడా సరిగ్గా పట్టుకోలేవు. ఎనభై దాటాయి, మతిమరుపు ముదిరింది. కూతురి ఇంట్లో, కిటికీ పక్క గదిలో, మంచం మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉంటాడు. ఒక్కోరోజు కూతుర్ని గుర్తుపడతాడు, ఒక్కోరోజు "అమ్మా, మీరెవరి తాలూకు?" అని మర్యాదగా అడుగుతాడు.

చిన్న మేస్త్రి ఊళ్ళో ఉన్న పెద్ద వాచీల షోరూములో పని చేసేవాడు. కింద అద్దాల అల్మరాల్లో వాచీలు అమ్ముతారు, పై అంతస్తులో సర్వీసు. కొనేవాళ్ళు మెట్లెక్కి పైకి రారు, పైనున్నవాళ్ళు కిందికి దిగరు. దుమ్ము రాకుండా కిటికీలు మూసేసిన ఆ గదిలో, కంటికి భూతద్దం బిగించుకుని, పద్దెనిమిదేళ్ళు గడిపాడు. ఒక్క మాట పడలేదు.

ఆ పద్దెనిమిదేళ్ళూ ఒక్క వాచీతో మట్టిలో కలిశాయి.

అది ఒక లెక్చరరుగారి వాచీ. ఆవిడ రిటైరై చాలాకాలమైంది. భర్త ఓడల్లో ఇంజినీరు. చీఫ్ ఇంజినీరైన ఏడాది కొనుక్కున్నాడట, పాతకాలపు బంగారు వాచీ, పది నిమిషాలు కూడా అది చేతికి లేకుండా ఉండేవాడు కాదట. ఆయన పోయి ఏడాదైంది. ఆవిడ చేతికి అది పెద్దది. బీరువాలో పెట్టి పాడుచేసేకన్నా విలువ తెలిసినవాళ్ళకి అమ్మేద్దామని, అమ్మేముందు సర్వీసు చేయిద్దామని తెచ్చింది.

చిన్న మేస్త్రి దాని వెనకమూత తిప్పి తీశాడు. తీసి, భూతద్దం దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూశాడు.

లోపలున్నది ఆ వాచీ మిషన్ కాదు. దాదాపు అదే సైజుది, వేరే ఏదో చవక మిషన్. చుట్టూ సన్నని ఇత్తడి రింగు ఒకటి కోసి, అది కదలకుండా కూర్చోబెట్టారు. ఎంత పొందిగ్గా కూర్చోబెట్టారంటే, మూత తీస్తే తప్ప పుట్టించినవాడు కూడా పోల్చుకోలేడు. ఇంత పనితనం ఎవరిదా అనుకుంటూ మూత తిరగేసి చూశాడు. సర్వీసు చేసిన ప్రతి మేస్త్రీ మూత లోపలివైపు సూదిమొనతో తన గుర్తు ఒకటి గీసి, కింద నెల, సంవత్సరం వేస్తాడు. బయటివాళ్ళకి అది గీతలా కనిపిస్తుంది, పనివాళ్ళకి సంతకం. అక్కడ మూడు పాత గుర్తులున్నాయి. చివరిది, పదకొండేళ్ళ కిందటిది, ఓ నెలవంక, దాని కింద రెండు చుక్కలు.

పెద్ద మేస్త్రి గుర్తు అది.

షోరూములో పద్ధతి ఏమిటంటే, మూత తీయగానే లోపల ఫొటో తీయాలి, చీటీ మీద మిషన్ సంగతి రాయాలి. చిన్న మేస్త్రి ఫొటో తీయలేదు. చీటీ మీద "మిషన్ అసలుదే" అని రాశాడు. ఆ రెండు మాటలు రాస్తున్నప్పుడు చెయ్యి వణకలేదని తర్వాత చాలాసార్లు తలుచుకుని సిగ్గుపడ్డాడు. ఉన్న మిషన్‌నే శుభ్రం చేసి, నూనె వేసి, మూత బిగించి ఇచ్చేశాడు. ముసలాయన పరువు, ఇంకెన్నాళ్ళుంటాడులే అనుకున్నాడు. ఎవరు తీసి చూస్తారులే అని కూడా అనుకున్నాడు.

మూడు వారాల తర్వాత, ఓ సోమవారం పొద్దున్న మేనేజరు అతన్ని కిందికి పిలిపించాడు. లెక్చరరుగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఆవిడ ముందు వాచీ, పక్కన పాత వాచీలు కొనే దుకాణం వాళ్ళు రాసిచ్చిన కాగితం. బయట బంగారమే, లోపల మిషన్ మార్చేశారు, కొనలేం అని దాని సారాంశం.

"మీరు చేసిన సర్వీసు తర్వాత దీన్నింకెవరూ ముట్టుకోలేదు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "అసలుది ఉందని మీ చీటీలోనే ఉంది. మరి అది ఏమైనట్టు?"

చిన్న మేస్త్రి మనసులోనే లెక్క వేసుకున్నాడు. బల్ల పైన కెమెరా ఉంది గానీ, అందులో బొమ్మలు పది రోజులకి మించి ఉండవు. ఫొటో లేదు. ఉన్నదల్లా అతని చేతిరాతే, అతని మీదే సాక్ష్యం చెబుతోంది. వచ్చినప్పుడే మారిపోయి ఉందంటే, మరి అబద్ధం ఎందుకు రాశావంటారు. గుర్తు చూపిస్తే, మామా అల్లుళ్ళు కలిసి చేశారంటారు. ఎటు తిరిగినా గోడే.

ఆవిణ్ణి పంపించాక మేనేజరు తలుపు వేశాడు. కుర్రవాడే గానీ మర్యాద తెలిసినవాడు.

"మేస్త్రీగారూ, మీరంటే నాకు గౌరవం. అందుకే శుక్రవారం దాకా టైమిస్తున్నాను. ఆ మిషన్ తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టండి. ఎలా వచ్చిందని అడగను. పెట్టకపోతే మాత్రం స్టేషన్‌కి వెళ్ళక తప్పదు నాకు."

"నేను తీయలేదండీ."

"తీయలేదనే అనుకుంటాను. కానీ మీరే రాశారుగా సార్, ఉందని!"

ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. భార్యకి సెలవు పెట్టానని చెప్పాడు. ఆమె పొద్దుటిపూట రక్తపరీక్షల ల్యాబులో రిసెప్షన్‌లో కూర్చుంటుంది, మధ్యాహ్నానికి వస్తుంది. ఆ నాలుగైదు గంటలూ ఇంట్లో ముసలాయనా, అతనూ.

మంగళవారం ఆమె అలా గడప దాటిందో లేదో, కుర్చీ లాక్కుని మామగారి ముందు కూర్చున్నాడు.

"మామయ్యా, ఓడ ఇంజినీరుగారి బంగారు వాచీ గుర్తుందా? పదకొండేళ్ళ కింద మీ దగ్గరికొచ్చింది. దాని మిషన్ ఏం చేశారు?"

పెద్ద మేస్త్రి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "వాచీ ఇచ్చి వెళ్ళండి. గురువారం రండి, చూసి చెబుతాను."

"నేను మామయ్యా, మీ అల్లుణ్ణి."

"గురువారం అన్నానుగా. తొందరపెడితే పని పాడవుతుంది బాబూ."

మధ్యాహ్నం దాకా అంతే. ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ గురువారమే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి ఆయనే జాలిపడి, "అంత అవసరమైతే బజార్లో ఇంకొకణ్ణి చూసుకోండి. మా శిష్యుడొకడున్నాడు, మంచి పనివాడు, అబద్ధమాడడు," అన్నాడు. చిన్న మేస్త్రి లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాడు.

బుధవారం ఇంకా అధ్వాన్నం. ఆయన ఆరోజు పలకనే లేదు. చిన్న మేస్త్రి బతిమాలాడు, కాళ్ళు పట్టుకున్నాడు, "నన్ను జైల్లో పెడతారు మామయ్యా" అన్నాడు. ఆయన చూపు కిటికీ మీదినుంచి కదల్లేదు. అల్లుడిలో ఏదో తెగినట్టయింది. లేచి ఆయన రెండు భుజాలూ పట్టి ఊపేశాడు. "మాట్లాడండి! నోరు తెరిచి మాట్లాడండి!" ముసలాయన తల బొమ్మ తలలా అటూ ఇటూ ఊగింది.

వెనక తలుపు చప్పుడైంది. భార్య ఆరోజు తొందరగా వచ్చింది. చేతిలో సంచీ అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"పిచ్చి పట్టిందా మీకు? మా నాన్న మీద చెయ్యి చేసుకుంటారా?"

అతను ఆయన భుజాలు వదిలేశాడు. నేల మీదే కూలబడి, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ మొత్తం చెప్పాడు. ఆమె వింటున్నంతసేపూ తండ్రి వీపు నిమురుతూనే ఉంది. అంతా విని, "మా నాన్న అలాంటి పని చెయ్యరు," అంది. "ఆ గుర్తు ఎవరైనా గీయొచ్చు. మీరే సరిగ్గా చూసి ఉండరు." ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే గదిలో తిన్నారు గానీ, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గురువారం ఆమె ల్యాబుకి వెళ్తూ, "ఆయన్ని ముట్టుకుంటే ఊరుకోను" అని మరీ వెళ్ళింది.

చిన్న మేస్త్రి ఆరోజు ఏమీ అడగలేదు. అడగడానికి శక్తి లేదు. పాత డబ్బాలోంచి పనికిరాని వాచీ మూత ఒకటి తీసి, సూదితో దాని మీద నెలవంక గీశాడు. కింద రెండు చుక్కలు పెట్టాడు. పదకొండేళ్ళ కిందటి ఆ నెల, ఆ సంవత్సరం వేశాడు. దాన్నీ, తన భూతద్దాన్నీ తెచ్చి మామగారి ఒళ్ళో పెట్టి, దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పెద్ద మేస్త్రి బొటనవేలు ఆ మూత అంచు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. భూతద్దం తీసుకున్నాడు. వణికే చేత్తోనే, రెండు ప్రయత్నాల్లో, కంటికి బిగించాడు. మూతని వెలుతురులోకి ఎత్తాడు.

"ఓడాయనది కదూ ఇది," అన్నాడు. గొంతు మారిపోయింది. "ఎవడ్రా తెరిచింది?"

"నేనే మామయ్యా."

"తెరవకుండా ఉండాల్సిందిరా." మూతని కిందికి దించాడు. "జారిపోయింది. పట్టకారులోంచి ఏ చిన్న మరో జారితే మనిషన్నవాడికి మామూలే. చేతిలోంచి జారింది, మిషన్ మిషన్ అంతా. బండ మీద పడింది. బ్యాలెన్స్ చక్రం వంగింది, దాన్ని పైనుంచి పట్టి ఉంచే పట్టీ విరిగింది. కంపెనీకి రాశాను. ఆ పట్టీ చేయడం మానేశామన్నారు."

"ఆ సంగతి ఆయనకే చెప్పేస్తే పోయేదిగా?"

ముసలాయన భూతద్దం తీసి, అల్లుడి వైపు సూటిగా చూశాడు. "ఎలా చెప్పనురా? నేను కదా!"

"ఇప్పుడెక్కడుంది అది? పారేశారా?"

"పారేస్తానా? దాచాను." నుదురు చిట్లించాడు. "ఆ సొరుగుల్లోనే..." అని, గుమ్మం వైపు చూసి, "టీ ఇంకా కాలేదా?" అన్నాడు. అంతే. ఆ పైన ఎంత ఎదురుచూసినా మనిషి తిరిగి రాలేదు.

పెద్ద మేస్త్రి దుకాణం మూసేసినప్పుడు తెచ్చిన చెక్క బీరువా మెట్ల కింద పాత పరుపుల వెనక ఉంది. అగ్గిపెట్టెలంత సొరుగులు, తొంభై ఆరు. చిన్న మేస్త్రి పరుపులు లాగి పారేసి, నేల మీద కూర్చుని, ఒక్కొక్క సొరుగే గుమ్మరించాడు. మరలు, స్ప్రింగులు, ముళ్ళు, పగిలిన అద్దాలు. కొన్ని తుప్పుపట్టి ఊడిరాలేదు, స్క్రూడ్రైవరుతో పెకలించాడు. వేళ్ళు కోసుకుపోయాయి. యాభయ్యో అరవయ్యో తీశాక ఓ సొరుగులో నూనెకాగితం పొట్లం దొరికింది, దారంతో కట్టి ఉంది. విప్పితే లోపల పసిమి రంగు మిషన్, ఓ వైపు పట్టీ రెండు ముక్కలు. కాగితం మీద వాచీ నంబరు, తేదీ, దాని కింద పెద్ద మేస్త్రి గుండ్రటి చేతిరాతలో మూడు మాటలు: నా చేతి తప్పు.

భార్య వచ్చేసరికి అతను అలాగే ఆ చెత్త మధ్యలో కూర్చుని ఉన్నాడు. పొట్లం ఆమె చేతికిచ్చాడు. ఆమె చదివింది. మెట్టు మీద కూర్చుంది. మళ్ళీ చదివింది.

"ఇది చూపిస్తే నాన్న పేరుండదు," అంది చివరికి.

"చూపించకపోతే నా పేరుండదే."

"ఆయన బతికున్నన్నాళ్ళు ఆగలేరా?"

"రేపే శుక్రవారం."

ఆమె పొట్లాన్ని మళ్ళీ దారంతో కట్టింది. తర్వాత, "మిషన్ ఒక్కటే ఇచ్చెయ్యండి. ఎలా వచ్చిందని అడగనన్నాడుగా మీ మేనేజరు. కాగితం ఎందుకు?" అంది.

అతనికీ ఆ ఆశ లేకపోలేదు. కానీ విరిగిన మిషన్‌ని ఒట్టి చేతుల్తో తీసుకెళ్తే, దొంగిలించింది చాలక విరగ్గొట్టాడని కూడా అంటారు. ఆ మాట చెప్పాడు. ఆమె తల దించుకుని, చెల్లాచెదురుగా పడ్డ స్ప్రింగులు ఏరసాగింది.

శుక్రవారం పొద్దున్న షోరూముకి వెళ్ళకుండా ముందు లెక్చరరుగారి ఇంటికి వెళ్ళాడు. గేటు దగ్గర చూస్తే, భార్య వెనకాలే వస్తోంది. ల్యాబుకి వెళ్ళలేదు. వచ్చి పక్కన నిలబడింది.

లెక్చరరుగారు కూర్చోమనలేదు. నిలబడే చెప్పాడు అంతా, మామగారి తప్పూ, తన అబద్ధం చీటీ కూడా. పొట్లం బల్ల మీద పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ అడిగిందొక్కటే.

"ఈ రెంటికీ చప్పుడులో తేడా ఉంటుందా?"

"ఉంటుందమ్మా. అసలుది సెకనుకి ఐదుసార్లు కొట్టుకుంటుంది. పెట్టింది ఎనిమిదిసార్లు."

ఆవిడ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. "పదకొండేళ్ళ కిందట సర్వీసు నుంచి తెచ్చుకున్న రోజు నుంచీ ఆయన అదే గోల. చెవి దగ్గర పెట్టుకుని, ఇది నా వాచీ కాదోయ్, దీని గుండె మారిపోయింది అనేవారు. మీకు చాదస్తం ముదిరిందన్నాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వాను. జీవితమంతా ఇంజన్ల చప్పుడు విని బతికిన మనిషి. తర్వాత తర్వాత చెప్పడం మానేశారు. చెవి దగ్గర పెట్టుకోవడం మాత్రం మానలేదు." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆయన పోయేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను."

చిన్న మేస్త్రి చేతులు జోడించాడు. "నేను చేసిస్తానమ్మా. ఆ పట్టీ దొరక్కపోతే ఇత్తడితో కోసైనా..."

"వద్దు," అంది ఆవిడ. "మీ మీద కేసు పెట్టను, ఫోన్ చేసి మీ మేనేజరుకి చెబుతాను. అంతవరకే. మీ మామగారికి మతిపోయింది కాబట్టి ఆయన్ని ఏమీ అనలేను. మిమ్మల్ని అనగలను. మీకు మతి ఉండి కూడా చెప్పలేదు."

భార్య అప్పుడు నోరు తెరిచింది. "మా నాన్న తరఫున..." అని, బల్ల మీది కాగితం చూసి ఆగిపోయింది. లెక్చరరుగారు ఆమె వైపు చూసి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది. కావాలంది. గ్లాసు ఖాళీ చేశాక ఇద్దరూ బయటికి వచ్చేశారు.

షోరూములో మేనేజరు పోలీసుల మాట ఎత్తలేదు. కానీ అబద్ధం చీటీ రాసిన మనిషి చేతికి వేరేవాళ్ళ వాచీలు ఇవ్వలేనన్నాడు. పనిముట్లు అట్టపెట్టెలో సర్దుకుని మెట్లు దిగుతుంటే, పద్దెనిమిదేళ్ళు పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు కూడా తలెత్తలేదు. వారం తిరక్కుండా సంగతి బజారంతా పాకింది. పెద్ద మేస్త్రి దగ్గర వాచీలు చేయించుకున్నవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వాటిని తెచ్చి, వేరే దుకాణాల్లో మూతలు తీయించుకుని చూసుకున్నారు. చిన్న మేస్త్రిని ఎవరూ పనిలోకి తీసుకోలేదు. చివరికి సెల్‌ఫోన్ల కొట్టు పక్కన ఓ చిన్న బల్ల అద్దెకి తీసుకుని, బ్యాటరీలు మారుస్తూ, వాచీలకి బెల్టులు వేస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో భార్య అవసరానికి మించి మాట్లాడేది కాదు. తండ్రికి అన్నం పెడుతూ ఒక్కోసారి చెంచా గాల్లోనే ఆపి, ఆయన చేతుల వైపు చూస్తూ ఉండిపోయేది.

రెండు నెలల తర్వాత, ఓ ఆదివారం, ఆమే వచ్చి అడిగింది. "ఆ బీరువాలో మిగతా సొరుగులు చూశారా?"

చూడలేదు. ఆరోజు పొట్లం దొరకగానే ఆపేశాడు. ఆ తర్వాత ఆ మెట్ల వైపు వెళ్ళడానికే భయం. ఆమెకీ అదే భయమని ఆ ముఖం చూస్తే తెలిసింది.

ఇద్దరూ కలిసి బీరువాని వరండాలోకి లాగారు. ఆమె సొరుగు తీసి ఇస్తే అతను గుమ్మరించాడు. డెబ్భై ఎనిమిది. ఎనభై. ఎనభై మూడో సొరుగులో నూనెకాగితం పొట్లం. అతను కట్టు విప్పలేదు. ఆమే తీసుకుని విప్పింది. నంబరు, తేదీ, అవే మూడు మాటలు. తొంభై ఒకటో దాంట్లో ఇంకొకటి.

గదిలోంచి పెద్ద మేస్త్రి పిలిచాడు. "అమ్మాయ్, ఎవరైనా వచ్చారా? వాచీ ఇచ్చి గురువారం రమ్మను."

"అలాగే నాన్నా," అంది ఆమె. చీర చెంగుతో ముఖం తుడుచుకుని, అటక మీదినుంచి తండ్రి పాత రసీదు పుస్తకాలు దింపింది. దుమ్ము దులిపి సగం భర్త ముందు పెట్టింది, సగం తన ముందు పెట్టుకుంది. "మీరు అటునుంచి చూడండి," అంది.

ఒక నంబరు తాలూకు మనిషి రెండు రోజుల్లో దొరికాడు. తలుపు దగ్గరే నిలబెట్టి, నోటికొచ్చినట్టు తిట్టి పంపాడు. ఇద్దరూ విని, పొట్లం ఆయన చేతిలో పెట్టి వచ్చారు. రెండో నంబరు ఉన్న రసీదు మీద పేరు చెరిగిపోయి, వీధి ఒక్కటే మిగిలింది. సెలవు రోజుల్లో వాళ్ళిప్పటికీ ఆ వీధికి వెళ్తున్నారు. ఇంటింటి తలుపూ తట్టి, మీ ఇంట్లో పాత వాచీ ఏదైనా ఉందా అని అడుగుతున్నారు. కొనడానికి వచ్చారనుకుని చాలామంది లేదు పొమ్మంటున్నారు.